అధికమైనదెల్ల అనవసరమా?

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయములలో ఏటేటా పుస్తకముల లెక్క చూచుట వాడుక. పట్టీ ముందుంచుకొని ఒకరు పేరు చదువుదురు. బీరువాచెంత నిలిచి మరియొకరు 'ఉన్నది' అందురు. ఒకే గ్రంథమునకు రెండు ప్రతులు కనబడినపుడు చదువుచున్న గొంతు ఒక క్షణమాగును. "ఇది అదనపు ప్రతి. తీసివేయవచ్చునా?" అను ప్రశ్న అచ్చట పుట్టును. ప్రశ్న చిన్నది. కాని దాని వెంట నడచినచో అది భాషలోనికి, వేదపాఠములోనికి, పంచాంగములోనికి, గోదావరి గట్టు మీదికి, తుదకు మనుష్యుని బ్రతుకులోనికి తీసికొనిపోవును.

ఇంగ్లీషులో 'రిడండెన్సీ' అను మాట కలదు. చెప్పినదానినే మరల చెప్పుట దానికొక అర్థము. అవసరమునకు మించియుండుట రెండవ అర్థము. ఒకటి చెడినచో వేరొకటి అక్కరకు వచ్చునట్లు జోడు ఏర్పాటు చేసికొనుట మూడవది. పనివానిని 'ఇక నీతో పనిలేదు' అని కొలువునుండి తొలగించుట నాల్గవది. ఈ మాటకు మూలము లాటిను భాషలో 'ఉండా' అను పదము. అల అని దాని అర్థము. అల పొంగి పొరలుటయే ఈ మాట యొక్క తొలి భావము.

ఈ భావమును గోదావరి లంకలవారికి వేరుగ వివరింపనక్కరలేదు. వరద పొంగి పొరలినపుడు చేలు మునుగును, ఇండ్లు కూలును. ఆ నీరే తీసిన పిమ్మట నేలపై ఒండ్రు మిగులును. మరుసటి పంటకు బలమిచ్చునది అదియే. ఒకే పొంగు నష్టమును తెచ్చును, సారమును తెచ్చును. మాటకు పుట్టుకలోనే ఈ రెండు ముఖములును కలవు.

తెలుగులో పై నాలుగర్థములకు ఒకే పదము లేదు. మాటలలోనైనచో పునరుక్తి అందురు. లెక్కలోనైనచో అధికము, అదనము, మిగులు అందురు. ఏర్పాటులోనైనచో జోడు అనియో, ప్రత్యామ్నాయమనియో అందురు. కొలువులోనైనచో ఉద్వాసన అందురు. ఇది భాషకు లోపము కాదు, మేలు. ఒకే మాట ఉన్నచో వ్యాసములోని వ్యర్థపదముపై చెప్పిన తీర్పు తెలియకుండనే మనుష్యుని మీదికి ప్రాకును. పేర్లు వేరైనపుడు తీర్పులును వేరుగ చెప్పుటకు వీలు కలుగును.

మొదట మాటల సంగతి. "తిరిగి పునఃప్రారంభించిరి" అని వ్రాయువారు కలరు. పునః అన్నను తిరిగి అన్నను ఒకటియే. "వింధ్యాచల పర్వతము" అందురు, అచలమనగా పర్వతమే. పెండ్లి శుభలేఖలలో "సకుటుంబ సమేతముగ" విచ్చేయవలసినదని అచ్చువేయుదురు. 'స' అన్నను 'సమేతము' అన్నను 'కూడ' అనియే అర్థము. పండితుడు దీనిని చూచి నవ్వును. కాని ఆ శుభలేఖ నందుకొన్న చుట్టము నవ్వడు. ఒక్కమారు పిలిచినచో మొగమోటమునకు పిలిచినట్లుండును. మరల మరల పిలిచినచో మనసార పిలిచినట్లుండును. కనుక వ్యాకరణము దోషమనునది మర్యాద గుణమనుచున్నది.

ప్రాచీనులీ భేదమును బాగుగ నెరుగుదురు. గౌతముని న్యాయసూత్రములలో వాదమునందు ఓటమికి తావులు ఇరువదిరెండు చెప్పబడినవి. వానికి నిగ్రహస్థానములని పేరు. వానిలో పునరుక్తము ఒకటి, అధికము ఒకటి. అయితే న్యూనము, అనగా చెప్పవలసినంత చెప్పకపోవుటయు, వానిలో నొకటియే. ఎక్కువ చెప్పినవాడెట్లు ఓడునో తక్కువ చెప్పినవాడును అట్లే ఓడును. మరియొక సూక్ష్మము కలదు. పునరుక్తము దోషమే యైనను అనువాదము దోషము కాదని మినహాయింపు ఇయ్యబడినది. అచ్చట అనువాదమనగా ఒక ప్రయోజనమునకై మరల చెప్పుట. ఒక భాషలోని విషయమును వేరొక భాషలో చెప్పుటకు నేడా మాట నిలిచినది. మరల చెప్పుటయా కాదా అని కాక, మరల చెప్పుటకు ప్రయోజనమున్నదా లేదా అని చూడవలెనని ఆ శాస్త్రకారుల తాత్పర్యము.

అలంకారికులు ఇంకొక అడుగు వేసిరి. శబ్దమొకటియే, అర్థమొకటియే, తాత్పర్యము మాత్రము వేరైనచో దానిని లాటానుప్రాసమని అలంకారముగ నెంచిరి. "ఆపదలో ఆదుకొన్న చుట్టము చుట్టము" అన్నపుడు రెండవ చుట్టము వ్యర్థపదము కాదు. మొదటిది మనిషిని చూపును, రెండవది ఆ పేరునకు తగిన యోగ్యతను చూపును. దానిని కొట్టివేసినచో వాక్యమే కూలును.

తెలుగు వ్యాకరణమునందును జంటమాటకు గౌరవస్థానము కలదు. రెండుసార్లు పలికిన మాటలో రెండవదానిని ఆమ్రేడితమందురు. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమునందు దానికి ప్రత్యేకముగ సూత్రములు చేసెను. పగలు పగలు కలిసి పట్టపగలగును. చివర చివర కలిసి చిట్టచివరయగును. నడుమ నడుమ కలిసి నట్టనడుమయగును. పట్టపగలు రెండు పగళ్ళు కాదు, దాచుటకు వీలులేని పగలు. అట్లే ఇల్లు అన్న మాట జంటయై 'ఇంటింట' అయినపుడు ఊరంతయు అందులో చేరును. మాటను రెట్టించి తెలుగువారు క్రొత్త అర్థమును సంపాదించుకొనిరి.

ఇక పునరుక్తి చేయు రెండవ మేలు రక్షణ. దీనికి కోనసీమకంటె దూరము పోనక్కరలేదు. ఇచ్చటి అగ్రహారములు వేదపండితులకు ప్రసిద్ధములు. ఘనపాఠి అను బిరుదము ఎల్లరును విన్నదే. ఆ ఘన యనునదేమో కొంచెము చూడవలెను. మంత్రములోని పదములకు ఒకటి, రెండు, మూడు అని గుర్తులు పెట్టుకొన్నచో, క్రమపాఠమున ఒకటి-రెండు, రెండు-మూడు అని జంటలుగ చదువుదురు. జటాపాఠమున ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు అని ముందుకు, వెనుకకు, మరల ముందుకు చదువుదురు. ఘనపాఠమున ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అని అల్లుదురు. పిదప రెండవ పదమునుండి మరల అదే అల్లిక. ఈ లెక్కన నడుమనుండు ప్రతి పదమును క్రమములో 2 సార్లు, జటలో 6 సార్లు, ఘనలో 13 సార్లు పలుకబడును.

అర్థము తెలిసికొనుటకు ఒక్కమారు చాలును. పదుమూడు మారులు పలుకుట అర్థమునకు కాదు, అక్షరము చెడకుండుటకు. వరుస మారినపుడెల్ల సంధి మారును, స్వరము మారును. ఒక వరుసలో దొరలిన తప్పు వేరొక వరుసలో బయటపడును. వ్రాతప్రతిపై ఆధారపడక వేదము నోటినుండి నోటికి వచ్చుటకు ఈ కట్టుదిట్టమే ఆధారము. వేదపఠన సంప్రదాయమును 2003లో యునెస్కో మానవాళి మౌఖిక వారసత్వమునందు మహత్తరమైన దానిగ ప్రకటించెను. కోనసీమ వేదపండితుల కుటుంబములతో చిరకాలము పరిచయముగల డేవిడ్ నైప్ అను అమెరికా విద్వాంసుడు వారి జీవితములను గూర్చి వ్రాసిన 'వేదిక్ వాయిసెస్' అను గ్రంథము 2015లో వెలువడినది.

అయితే ఆ కోటకు తలుపులు కొందరికే తెరువబడెననుటయు చెప్పవలసిన సత్యమే. ఒక్కొక్కరినోట పదుమూడు మారులు పలికించుట ఒక విధమైన రక్షణ. అనేకులచేతికి ఒక్కొక్క ప్రతి నిచ్చుట వేరొక విధమైన రక్షణ. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నేర్పరచిన అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు పట్టినది ఈ రెండవ మార్గము. గ్రామగ్రామమున గ్రంథాలయమనగా అదే పుస్తకము వేయి చోట్ల నుండుట. లెక్కచూచువాడు దానిని వృథా అనవచ్చును. చదువుకొనువాడు దానినే విద్య అనును.

వేదమునకు ఉన్నట్టి కాపు వాడుకమాటకును కలదు. రేవులో ఆవలి యొడ్డున నిలిచి "మేము వచ్చుచున్నాము, పడవ ఆపుడు" అని ఒకరు కేకవేసిరనుకొన్నచో, గాలికి 'మేము' అను మాట ఎగిరిపోవచ్చును. ఐనను 'వచ్చుచున్నాము' అను క్రియ చివరనున్న 'ము' వచ్చువారెవరో చెప్పనే చెప్పును. ఒక్క సమాచారమును భాష రెండు చోట్ల దాచియుంచినది. అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1948లో ఈ విషయమును గణితముచే నిరూపించెను. ఇంగ్లీషు వ్రాతలో సుమారు సగము ఇట్టి అధికమేనని అతడు లెక్కగట్టెను. ఆ సగమున్నందుననే అచ్చుతప్పులున్నను పాఠకుడు వాక్యమును గ్రహించుచున్నాడు. మాటకింత అని రుసుము వసూలుచేసిన తంతి కాలములో జనులు మాటలను పిసినితనముగ వాడిరి. ఒక్క మాట తారుమారైనచో ఇల్లంతయు గాబరాపడినదియు ఆ పొదుపువలననే. ఆ తంతి సేవ 2013 జూలైలో మన దేశమున ముగిసినది.

పుస్తకముల ప్రతుల విషయమును ఇట్టిదే. సి.పి. బ్రౌను దొర తెలుగు కావ్యములను సేకరించినపుడు ఒక్కొక్క గ్రంథమునకు ఒక ప్రతి దొరికినదని తృప్తిపడలేదు. పలుచోట్లనుండి పలు ప్రతులు తెప్పించి, పండితులచే పాఠములు పోల్చి చూపించెను. ఒక ప్రతిలో చెదపురుగు తిన్న అక్షరము వేరొక ప్రతిలో నిలిచియుండును. ఒక లేఖకుడు చేసిన పొరపాటు వేరొక లేఖకుడు చేసియుండడు. నన్నెచోడుని కుమారసంభవము కొన్ని శతాబ్దములు మరుగున పడియుండగా మానవల్లి రామకృష్ణకవి 1909లో దానిని వెలుగులోనికి తెచ్చెను. తాళపత్రపు కట్టలలో ఆ ప్రతిని 'ఇది ఎవరికి కావలెను' అని ఎవరైన ఒక దినమున పారవేసియున్నచో తెలుగు సాహిత్యచరిత్రలో ఒక అధ్యాయమే లేకపోయెడిది.

మాటల సంగతి ఇంతటితో చాలించి లెక్కల సంగతి చూడవలెను. అధికమను పేరుతోనే ఒక మాసము కలదు. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములు. సౌరవర్షమునకు సుమారు 365. ఏడాదికి పదునొకండు దినములు తరుగును. ఆ తరుగు పూరించుటకు పందొమ్మిదేండ్లలో ఏడు అధికమాసములు చేర్తురు. ఆ నెలలో పెండ్లి లేదు, గృహప్రవేశము లేదు. పనికిరాని నెల యని కొందరందురు. కాని ఆ పనికిరాని నెలయే లేనిచో దీపావళి కొన్నియేండ్లకు నడివానలలోనికి, మరికొన్నియేండ్లకు నడివేసవిలోనికి జారిపోవును. తనయందు పండుగ లేకున్నను పండుగలన్నిటిని వాని తావుల నిలుపునది ఆ నెలయే.

గోదావరి గట్టు చెప్పునదియు ఈ నీతియే. కాటను దొర ఆధ్వర్యమున ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. దాని దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ కోనసీమ ఉన్నది. వరదగట్టును సామాన్యపు వరదమట్టముకంటె ఎత్తుగ కట్టుదురు. వేసవిలో ఆ గట్టుపై నడచువానికి ఆ మీదియెత్తు వృథామట్టిగ తోచును. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినపుడు గట్లు తెగిన ఊళ్ళవారు ఎత్తులో ప్రతి జానెడు విలువ తెలిసికొనిరి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి; కొబ్బరితోటలు నేలకొరగినవి; దారులు మూసికొనిపోయినవి, తీగలు తెగినవి. వార్త పోవుటకు ఒకే తీగ, మనిషి పోవుటకు ఒకే దారి ఉన్న ఊరు అట్టి రాత్రి ఒంటరిదగును. యానాం-ఎదుర్లంకల నడుమ గౌతమిపై వారధి 2002లో ఏర్పడుటచే అమలాపురము ప్రాంతమునకు కాకినాడవైపు వేరొక దారి కలిగినది. మంచిదినములలో అది సౌకర్యము. చెడ్డదినమున అది ప్రాణము.

రైతునకీ రహస్యము ఎవరును నేర్పనక్కరలేదు. నారుమడిలో చేనికి సరిపోవునంత నారు మాత్రమే పోయువాడు లేడు. కొంత ఎక్కువ పోయును. ఊడ్పు పిమ్మట చచ్చిన కుదుళ్ళచోట నాటుటకు అది కావలెను. ఏ కుదురు చచ్చునో ముందు తెలియదు. ఏదో ఒకటి చచ్చునని మాత్రము తెలియును. జోడు ఏర్పాటునకు మూలసూత్రము ఇంతయే.

ఐనచో అధికమైనదెల్ల మంచిదేనా? కాదు. కాలువ చివరిచేనికి నీరందక మొదటిచేనిలో నిలిచిన నీరు అధికమే. అది రెండు చేలకును చేటు. మురుగు పోవు దారి లేక నిలిచిన వాననీరును అట్టిదే. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి వేలాది ఎకరములు బీడుపెట్టిరి. పెట్టుబడి పెరుగుట, కూలీలు దొరకకపోవుట, మురుగుకాలువల దుస్థితి, గిట్టుబాటు ధర లేకపోవుట అందుకు కారణములు. పండిన ధాన్యము కొనువారు లేక మిగులైనపుడు పండించినవాడే మిగులైపోయెను. లోకమునకు అన్నము కావలసియుండగా అన్నము పండించువాడు అక్కరలేనివాడగుట లెక్కల తప్పేగాని రైతు తప్పు కాదు. ఆ విషయమును పరిశీలించుటకు ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను.

ఇచ్చటినుండి నాల్గవ అర్థమునకు, అనగా మనుష్యునకు, అడుగు దూరమే. వారధి వచ్చినపుడు రేవు పాడుపడును. వారధి ఊరందరికి లాభము; రేవులో గడవేసి బ్రతుకు కొందరికి నష్టము. వరికోత యంత్రము వచ్చినపుడు కొడవలి పట్టినవారికిని, కంప్యూటరు వచ్చినపుడు టైపుమిషను ముందు కూర్చున్నవారికిని ఇదే అనుభవము. క్రొత్తదానిని వలదనుట సాధ్యము కాదు, న్యాయమును కాదు. కాని లెక్కలో ఎక్కువైనది ఉద్యోగము. ఎక్కువైనవాడు మనుష్యుడు కాడు. పట్టీలో ఒక పేరు కొట్టివేసినచో ఒక వరుస తగ్గును. ఆ పేరు గలవాని ఇంట పొయ్యి తగ్గదు.

చట్టము దీనిని కొంతవరకు గ్రహించినది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమునకు 1953లో చేర్చిన నిబంధనలు, ఏడాదికి తక్కువ కాకుండ పనిచేసిన కార్మికుని తొలగింపవలెనన్నచో ఒక నెల ముందు కారణముతో నోటీసు గాని ఆ నెల జీతము గాని ఇయ్యవలెననియు, పనిచేసిన ప్రతి సంవత్సరమునకు పదునైదు దినముల జీతము చొప్పున పరిహార మీయవలెననియు విధించెను. చివర చేరినవానిని సాధారణముగ మొదట తొలగింపవలెననియు, మరల మనుష్యులు కావలసినపుడు తొలగింపబడినవారికి ముందుగ అవకాశ మీయవలెననియు అందులో నుండెను. ఈ కడపటి మాట గమనింపదగినది. నేడు అక్కరలేనివాడు రేపు అక్కరకు రావచ్చునని చట్టమే అంగీకరించినది.

తెలుగుమాట ఈ సంగతిని అంతకుముందే చెప్పియున్నది. కొలువునుండి తీసివేయుటను ఉద్వాసన చెప్పుట అందురు. ఆ మాట పూజనుండి వచ్చినది. వినాయకచవితినాడు ఆవాహనము చేసి, పీఠముపై నిలిపి, పూజించి, నైవేద్యము పెట్టిన పిమ్మట దేవునికి ఉద్వాసన చెప్పుదురు. ఆ ఉద్వాసన గెంటివేయుట కాదు. నమస్కరించి, మరల రమ్మని వేడుకొని సాగనంపుట. గుడిలోనుండి కచేరీలోనికి వచ్చునపుడు ఆ మాట తన సగము అర్థమును గుమ్మమువద్దనే విడిచివచ్చినది. సాగనంపుట మిగిలినది, నమస్కారము, మరల రమ్మను పిలుపు పోయినవి. యజమానులును, అధికారులును, ఇంటిలో ముసలివారిని భారముగ నెంచువారును ఆ పోయిన సగమును వెదకి తెచ్చుకొనవలెను.

ఇప్పుడు గ్రంథాలయపు బీరువాచెంతకు మరల రావలెను. అదనపు ప్రతిని చేత పట్టుకొని నిలిచినవారు మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. ఇది దేనికొరకు చేర్పబడినది? ఇది లేకపోయినచో నేడు కాకపోయినను ఏ దినమున లోటు తెలియును? ఆ లోటు ఎవరికి తగులును? గడచిన పరీక్షలకు వ్రాసిన పాత ప్రశ్నోత్తరముల పుస్తకములు పది యున్నచో తొమ్మిది తీసివేయవచ్చును. వానివలన ఎవరికిని లోటులేదు. కాని పిల్లలు వరుసకట్టి అడుగు కథల పుస్తకమునకు రెండవ ప్రతి అదనము కాదు. రెండవ పిల్లవాని వంతు. మరెచ్చటను దొరకని స్థానిక గ్రంథమునకు రెండవ ప్రతి అదనము కాదు. మొదటి ప్రతికి కాపలా. ఒక ఊరి గ్రంథాలయములో ఉన్న గ్రంథమే అమలాపురములోను, రాజోలులోను, కొత్తపేటలోను ఉన్నచో అదియు పునరుక్తి కాదు. ఒకచోట వాన కారినను వేరొకచోట పుస్తకము మిగులును.

కొట్టివేత గీత గీయుట సులభము. ఒక్క క్షణపు పని. ఆ గీత క్రింద పడినది వ్యర్థమా, రక్షయా, మనుష్యుని బ్రతుకా అని విచారించుటకు మాత్రము కొంత చదువు, కొంత ఓపిక కావలెను. ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయము గ్రామమునకు పంచిపెట్టుచున్నది ఆ చదువును, ఆ ఓపికనే. లెక్క చూచువారు పట్టీ తెరచినపుడెల్ల, కలమెత్తుటకు ముందు ఒక్క క్షణమాగుదురుగాక.